హారతి పళ్లెం, హాజరు పుస్తకం

అనంతపురం,
18 జూన్ 2002.

అయ్యవారికి,

మీ ఫర్హానా దండం పెట్టి రాసేది. ఊరూ తేదీ కుడివైపు పైన వేశాను, ముందు అది చూసుకోండి. ఏడో తరగతిలో ఒకసారి తేదీ మరిచిపోయినందుకు నా చెవి మెలేసి, "తేదీ లేని ఉత్తరం చిత్తుకాగితంతో సమానం పాపా" అన్నారు. ఆ చెవి ఇంకా ఎర్రగానే ఉంది. ఇక్కడ మా సీనియర్ వకీలు గారు కూడా అదే మాట అంటుంటే నాకు నవ్వొస్తుంది.

మొన్న ఆయన నా చేతిరాత చూసి, "ఇంత గుండ్రంగా ఎవరు నేర్పారమ్మా?" అని అడిగారు. "బెంగళూరులో, పీణ్య తెలుగు బడిలో మా అయ్యవారు. ఆయన రాసిందీ నేను రాసిందీ పక్కపక్కన పెడితే ఎవరిది ఏదో మీరు చెప్పలేరు" అని గొప్ప పోయాను. పలక మీద నా వేలు పట్టి దిద్దించింది మీరే గనుక ఆ గొప్పలో సగం మీది.

ఇక అసలు సంగతి. కొత్త ఉత్తర్వు ప్రకారం బడి కమిటీకి తల్లిదండ్రులను ఎన్నుకున్నారట కదా. మా రియాజ్ అన్న గెలిచాడు! ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి నా చెవి చిల్లులు పడేలా అరిచాడు. "మన చాందిని ఏడో క్లాసుకు వచ్చింది. వచ్చే ఏడు యాడికి పోవాల? మన బడిలో ఎనిమిదో క్లాసు తెలుగులో తెరిపించేదాకా నేను వదల్నమ్మీ" అన్నాడు. మూడేళ్లుగా ఏడో తరగతి అయిన ఆడపిల్లలు ఒక్కరు కూడా ముందుకు పోలేదని మీకు నాకంటే బాగా తెలుసు. తెలుగు హైస్కూలుకు రెండు బస్సులు మారి పోవాలంటే ఏ తల్లి పంపుతుంది?

అన్న లేత్ మిషన్ ముందు సింహం, నలుగురి ముందు పిల్లి. మాట తడబడితే మీరు కాస్త అందించండి. ఆయనా మీ శిష్యుడే కదా, నా అంత తెలివైనవాడు కాకపోయినా!

మీ
ఫర్హానా

---

బెంగళూరు, పీణ్య రెండో స్టేజి,
5 జూలై 2002.

చిరంజీవి ఫర్హానాకు అయ్యవారి ఆశీస్సులు.

నీ పొగరు తగ్గలేదు, సంతోషం. చెవి ఎర్రగానే ఉందంటే నా చేతిలో ఇంకా సత్తువ ఉన్నట్టే.

కమిటీ మొదటి సమావేశం బాగా జరిగింది. తొమ్మిది మంది తల్లిదండ్రులు, కార్యదర్శిగా నేను. అధ్యక్షుడు వెంకటేశప్ప. పాత బెంగళూరు మనిషి, ఇక్కడ టూల్ షాపు ఉంది. మనవడిని కాన్వెంటు మాన్పించి మన బడిలో చేర్చి, సంరక్షకుడి కాలంలో తన పేరు రాయించి మరీ ఎన్నికయ్యాడు. పిల్లవాడు పాపం అ ఆల దగ్గర బిక్కముఖం వేసుకుని కూర్చుంటున్నాడు. మనిషి మాట దురుసే గాని పలుకుబడి ఉన్నవాడు, బడికి పనికొస్తాడు.

నియమాలన్నీ నేనే రాశాను. వరుసగా మూడు సమావేశాలకు రానివారి సభ్యత్వం పోతుంది. ఎగ్గొట్టేవాళ్లతో వేగి వేగి నా జుట్టు నెరిసింది గనుక ఆ నియమం పట్టుబట్టి పెట్టించాను. ఇంకో ఏర్పాటు కూడా చేశాను, వింటే నవ్వుతావు. ముందే సంతకాలు పెట్టిస్తే సగం మంది టీ తాగి జారుకుంటారు. అందుకని మొదట సరస్వతి పటం ముందు దీపం, ప్రార్థన. తర్వాత హారతి పళ్లెం ఒక్కొక్కరి ముందుకు వస్తుంది, పళ్లెం వెనకే హాజరు పుస్తకం వస్తుంది. హారతి కళ్లకద్దుకుని సంతకం పెట్టాలి. ఇప్పుడు ఒక్కడూ కదలడం లేదు!

రియాజ్ చేతులు కట్టుకుని పద్ధతిగా నిలబడ్డాడు. హారతి తీసుకోలేదు, సంతకం చేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. బేబీ అని చర్చికి పోయే తల్లి ఒకామె ఉంది, ఆమె కూడా తల వంచుకుని నిలబడుతుంది. ఎనిమిదో తరగతి మాట రియాజ్ ఎత్తాడు. తడబడ్డాడు, నేను అందించాను. తీర్మానం చేసి డిపార్టుమెంటుకు పంపుదామన్నారు. నువ్వు నిశ్చింతగా ఉండు.

వచ్చే మే నెలాఖరుకు నేను రిటైరు అవుతాను. మా ఇంటావిడ పోయినప్పటి నుంచి ఈ బడి గంటే నాకు తోడు. అది వినకుండా పొద్దెలా గడుస్తుందో ఇప్పటినుంచే దిగులుగా ఉంది.

నీ
అయ్యవారు, గురుమూర్తి

---

అనంతపురం,
12 సెప్టెంబరు 2002.

అయ్యవారికి,

ఫర్హానా నమస్కారం. ఈసారి మనసు బాగోలేక రాస్తున్నాను. ఈ నెల సమావేశంలో జరిగింది మీ కళ్ల ముందే జరిగింది. అయినా అన్న నాకు ఎట్లా చెప్పాడో అట్లా రాస్తాను.

ఇకమీదట సభ్యులు వంతుల ప్రకారం హారతి పళ్లెం పట్టి శ్లోకం చెప్పాలని వెంకటేశప్ప గారు అన్నారట. అన్న వంతు వచ్చింది. "నాకు రాదన్నా. మీరు చేసుకోండి, నేను పక్కన నిలబడుకుంటా" అన్నాడట. దానికాయన, "దేవుని పళ్లెం పట్టనోనికి బడి పనేముండాది అప్పా? సుమ్నే, ఊరికే పట్టుకో, చెయ్యేం కాలిపోదు" అన్నారట. అందరూ నవ్వారట. "మీ నాయన వినాయకుని పందిట్లో డోలు కొట్టలేదా? నీకేం వచ్చె ఇప్పుడు?" అని కూడా అన్నారట. అన్న పళ్లెం బల్ల మీద పెట్టి వరండాలోకి వెళ్లిపోయాడు. మీరే బయటికి వచ్చి, లోపలికి పిలిచి, సంతకం పెట్టించారని చెప్పాడు. ఆ ఒక్క మాటకు నా కడుపు చల్లబడింది.

మా నాయన డోలు కొట్టిన మాట నిజమే అయ్యవారూ. మేం దూదేకులవాళ్లం, మాకు పీర్లపండుగా ఉంది, పందిట్లో ప్రసాదమూ ఉంది. కాని ఆయన ఇష్టపడి కొట్టాడు. డోలు కొడితేనే సంతకం పెట్టనిస్తామని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తేడా అంతా అక్కడే ఉంది.

చట్టం కూడా అదే అంటోంది. ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్లు నడుచుకోవచ్చని రాజ్యాంగం ఇరవై ఐదో అధికరణం. సర్కారు గుర్తించిన బడిలో ఎవరినీ ఇష్టం లేకుండా ప్రార్థనలో కూర్చోబెట్టరాదని ఇరవై ఎనిమిది. ఇది చదువుకునే పిల్లల గురించి చెప్పింది, కమిటీ సభ్యుల మాట సూటిగా లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. కాని పిల్లలకు లేని బలవంతం పెద్దలకెందుకు? కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడకుండా మర్యాదగా నిలబడితే బడిలోంచి తీసేశారు. సుప్రీంకోర్టు ఎనభై ఆరులో వాళ్లను మళ్లీ చేర్చుకోమంది. మౌనంగా నిలబడడం అగౌరవం కాదంది. అన్న చేసిందీ అంతే.

ప్రార్థన మానేయమని మేం అనడం లేదు. హాజరు పుస్తకాన్ని పళ్లెం వెనక నుంచి తీసి ముందు పెట్టండి, చాలు.

విద్యాధికారికి పంపమని అన్న ఒక అర్జీ రాయించాడు. అది నా దగ్గరే ఉంది. మీ మాట కోసం ఆపాను. మీరు పంపమంటే పంపుతాను, వద్దంటే వద్దు.

మీ
ఫర్హానా

---

ఫర్హానమ్మా,

నీ ఉత్తరం అందింది. అధికారికి అర్జీ పంపవద్దు. అర్జీ పోతే వెంకటేశప్ప మొండికేస్తాడు, ఎనిమిదో తరగతి తీర్మానం అటకెక్కుతుంది. ఇంటి మాట ఇంట్లోనే సర్దుకుందాం.

ప్రార్థన అయ్యేదాకా రియాజ్‌ను వరండాలో ఉండమను. అయినాక లోపలికి వచ్చి కూర్చోమను. ఎవరూ ఏమీ అనరు. హాజరు సంగతి నేను చూసుకుంటాను. పుస్తకం ఉండేది నా చేతిలోనే కదా.

నా మాట మీద నమ్మకం ఉంచమని చెప్పు. అంతా మంచే జరుగుతుంది.

---

అనంతపురం,
3 అక్టోబరు 2002.

అయ్యవారికి,

ఫర్హానా వెయ్యి దండాలు. మీ ఇన్‌లాండ్ లెటర్ విప్పి ఒకటికి రెండుసార్లు తిప్పి చూశాను. ఊరు లేదు, తేదీ లేదు, కింద పేరు కూడా లేదు! ఎవరండీ ఈ పెద్దమనిషి? మీ చెవి ఎవరు మెలేయాలి? ఆ చేతిరాత చూడకపోతే ఆకాశం నుంచి ఊడిపడిందనుకునేదాన్ని. నా గొడవలు నెత్తిన వేసి మిమ్మల్ని అంత కంగారు పెట్టానని మాత్రం బాధేసింది.

మీరు చెప్పినట్టే అన్నకు చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "వరండాలో ఎందుకు నిలబడాల? నేనేమన్నా తప్పు చేసినానా?" అన్నాడు. నేనే గట్టిగా మందలించాను. "అయ్యవారు పూచీ పడుతున్నారు, అంతకంటే నీకేం కావాలి?" అన్నాను. అప్పుడు, "అయ్యవారి మాటంటే సరేలే. ఆ కాగితం చించెయ్" అన్నాడు. అర్జీ చించేశాను.

చాందిని తన పుస్తకాల మీద ఎనిమిదో తరగతి అని ఇప్పుడే రాసుకుందట. ఇంకా ఏడు నెలలుంది కదే అంటే, తెరుస్తారని అయ్యవారు చెప్పారుగా అందట. మీరున్నారని మాకందరికీ ధైర్యం.

మీ
ఫర్హానా

---

బెంగళూరు, పీణ్య రెండో స్టేజి,
20 నవంబరు 2002.

చిరంజీవి ఫర్హానాకు ఆశీస్సులు.

ఉత్తరం ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. పిల్లల దినోత్సవం హడావుడి. నాటకంలో రాజు వేషం వేసిన పిల్లవాడికి మీసం ఊడిపోతే అది చేత్తో పట్టుకునే పద్యం పూర్తి చేశాడు. అందరూ నవ్వి నవ్వి అలిసిపోయారు. చాందిని స్వాగతం పలికింది, గొంతు నీదే. చలి ముదిరింది. నా మోకాళ్లు నా మాట వినడం లేదు.

కమిటీ సంగతులు అన్నీ సవ్యంగా ఉన్నాయి. నీ చదువూ కోర్టూ చూసుకో. ఆరోగ్యం జాగ్రత్త.

నీ
అయ్యవారు, గురుమూర్తి

---

అనంతపురం,
9 జనవరి 2003.

గురుమూర్తి గారికి,

అన్నకు అందిన నోటీసును ఆయన పోస్టు చేస్తే నిన్న నాకు చేరింది. ముందు పెట్టుకుని రాస్తున్నాను. "అక్టోబరు, నవంబరు, డిసెంబరు సమావేశాలకు వరుసగా హాజరు కానందున, నియమాల ప్రకారం శ్రీ రియాజ్ గారి సభ్యత్వం రద్దయినది." కింద, కార్యదర్శి. గుండ్రటి అక్షరాలు. ఇది ఎవరి రాతో ఇంకొకరిని అడగనక్కర్లేదు నాకు.

హాజరు కానందున అని రాయడానికి మీకు చేయి ఎట్లా వచ్చిందండీ?

ఆ మూడు రోజులూ అన్న మిషన్ ఆపి, చొక్కా మార్చుకుని వచ్చాడు. మీరు చెప్పిన చోటే వరండాలో నిలబడ్డాడు. ప్రార్థన అయినాక లోపలికి వచ్చి కూర్చున్నాడు. మూడుసార్లూ ఎనిమిదో తరగతి గురించి అడిగాడు. మూడుసార్లూ మీరు తల ఊపారు. డిసెంబరులో టీ గ్లాసు మీరే అందించారట. "సంతకం అయ్యవారూ?" అని అడిగితే, "నేను వేసుకుంటాలేప్పా, నువ్వు కూర్చో" అన్నారట. అట్లా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పుస్తకంలో రాలేదని రాశారు. ఆ రాసేటప్పుడు ఆయన మీకు ఎదురుగానే ఉన్నాడు కదా.

వెంకటేశప్ప గారి మీద నాకు కోపం లేదు. ఆయన ముఖం మీద అన్నాడు, మనకు వినిపించింది. మీరు పూచీ పడ్డారు. ఆ పూచీని అన్న దగ్గరికి మోసుకెళ్లింది నేను. ఆయనను వరండాలోకి పంపింది నేను. ఆయన రాయించిన అర్జీని నా చేతులతో చించాను. మీరు నన్ను కూడా వాడుకున్నారు.

పెట్టె తీసి మీ ఉత్తరాలన్నీ పరిచాను. పదకొండేళ్లవి, యాభై మూడు. ప్రతి దాని మీద ఊరుంది, తేదీ ఉంది, సంతకం ఉంది. ఒక్కదాని మీద లేదు. నేను నవ్వులాటకు తీసుకున్నాను. మీరు కంగారులో మరిచారనుకుని జాలి కూడా పడ్డాను. మీరు మరిచిపోలేదు. ఆ ఉత్తరం రాసే రోజుకే మీకు అంతా తెలుసు.

చాందిని పుస్తకాల మీది ఎనిమిదిని కొట్టేసిందట. తీర్మానం గురించి అడిగేవాళ్లే లేరిప్పుడు కమిటీలో.

మళ్లీ అర్జీ రాశాను. ఈసారి ఎవరి మాట కోసమూ ఆపలేదు. అధికారికి పంపేశాను.

ఫర్హానా

---

బెంగళూరు, పీణ్య రెండో స్టేజి,
21 జనవరి 2003.

తల్లీ ఫర్హానా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బడికి పోలేదు. నువ్వన్నదేదీ కాదనను.

సెప్టెంబరులో, నీ ఉత్తరం వచ్చిన వారంలోనే వెంకటేశప్ప ఇంటికి వచ్చాడు. "అయ్యవారూ, ఆ అబ్బి ఉంటే రోజూ రచ్చే. మీరే రూల్సు పెట్టినారు కదా, రూల్సు ప్రకారం పోనీయండి. మే అయినాక, ఆమేలె మీరు ఇంట్లో కూర్చునేది ఏముండాది? గౌరవ కార్యదర్శి అని కమిటీలో పెట్టుకుంటాం. మీ రూము, మీ కుర్చీ మీకే ఉంటాది" అన్నాడు. నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు.

నాకు పిల్లలు లేరు. ఇల్లాలు లేదు. ముప్పై నాలుగేళ్లు ఆ గంట కొట్టించాను. జూన్ ఒకటో తారీఖున లేచి ముఖం కడుక్కుని ఎక్కడికి పోవాలో నాకు తెలియలేదమ్మా. భయపడ్డాను. రియాజ్ నొచ్చుకోకుండా పక్కకు తప్పుకుంటే చాలనుకున్నాను. మెల్లగా మరిచిపోతారనుకున్నాను.

ఎనిమిదో తరగతి కోసం నేను వేరే దారి చూస్తాను. ఒక్క ఉపకారం చెయ్యి. ఆ ఇన్‌లాండ్ లెటర్ నీ దగ్గరుంటే నాకు తిప్పి పంపు. విచారణలో అది బయటపడితే నాలుగు నెలల్లో దిగిపోవాల్సినవాణ్ని అవమానంతో దిగిపోతాను. నీకు అక్షరాలు నేర్పినవాణ్ని అడుగుతున్నాను.

గురుమూర్తి

---

అనంతపురం,
2 ఫిబ్రవరి 2003.

గురుమూర్తి గారికి,

ఇన్నాళ్లకు ఒక నిజం రాశారు. చదివి ఏడ్చాను. ఏడ్చినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

ఉత్తరం పంపను. పద్దెనిమిదిన విచారణ. మీకు చెప్పకుండా చేయడం నాకు చేతకాదు కనుక ముందే చెబుతున్నాను. నాకు రాసింది అధికారి ముందు మీరే చెప్పండి. "రమ్మన్నది నేనే, హాజరు వేయనిదీ నేనే" అని ఆ రెండు మాటలు చాలు. అప్పుడు ఆ కాగితం నా పెట్టెలోంచి బయటికి రాదు. మీ పింఛను జోలికి పోవద్దని అన్న ఇప్పటికే నాతో ఒట్టు వేయించుకున్నాడు. మీ మీద ఆయనకు ఇంకా అంత గురి ఉంది.

ఫర్హానా

---

పీణ్య,
10 ఫిబ్రవరి 2003.

చి. ఫర్హానాకు,

కార్డు ముక్క మీద ఎక్కువ రాయలేను. పద్దెనిమిదిన వస్తాను. చెప్పవలసింది చెబుతాను. నన్ను నమ్ము.

గురుమూర్తి

---

అనంతపురం,
16 జూన్ 2003.

శ్రీ గురుమూర్తి గారికి,

విచారణ రోజు మీరు ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. అందుకని మీకు కనిపించనివి కొన్ని రాస్తున్నాను.

రియాజ్ గారిని ప్రార్థన అయ్యాక రమ్మని చెప్పారా అని అధికారి అడిగితే, లేదన్నారు మీరు. అప్పుడే నేను ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టాను. అప్పటిదాకా మీ నోటి నుంచి ఆ రెండు మాటలు వస్తాయనే కూర్చున్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "పేరూ లేదు, తేదీ లేదు. ఇది మీరు రాసిందేనా?" అని అడిగారు.

"కాదు సార్" అన్నారు మీరు. అక్కడితో ఆగినా సరిపోయేది. "ఆ పాపది అచ్చం నా రాతే సార్. నేనే దిద్దించినా" అన్నారు.

ఆయన నేను రాసిన అర్జీ, మీరు రాసిన నోటీసు, ఆ ఉత్తరం మూడూ పక్కపక్కన పెట్టారు. మా సీనియర్ గారి ముందు నేను గొప్ప పోయినట్టే, ఏది ఎవరిదో ఆయన చెప్పలేకపోయారు. తర్వాత నా వైపు చూశారు. దొంగ కాగితం పుట్టించిన మనిషిని చూసే చూపు అది. ముప్పై ఏళ్లు కూడా నిండని నా మీద, నా వకాలత్తు మీద పడిన ఆ చూపును మీరు చూడలేదు. చూసి ఉంటే ఏం చేసేవారో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

నా దగ్గర జవాబు ఉంది. ఇన్‌లాండ్ లెటర్‌లో ఉత్తరమూ చిరునామా ఒకే కాగితం మీద ఉంటాయి. చిరునామా వైపు తపాలా ముద్ర స్పష్టంగా ఉంది. పీణ్య, 21 సెప్టెంబరు. ఆ రోజు నేను అనంతపురం కోర్టులో వాయిదాకు సంతకం పెట్టి ఉన్నాను. కాగితం చేతిలోకి తీసుకుని తిప్పాను, నోరు తెరిచాను. అంతలో అన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"వదిలెయ్ ఫర్హానా" అన్నాడు. "నువ్వు ఇంగొకటి అడిగితే అయ్యవారు ఇంగొక అబద్ధం చెప్తాడు. నేను చూడలేనమ్మీ. నాకు ఆ కుర్చీ వద్దు." అధికారితో కూడా, "అర్జీ వాపస్ తీసుకుంటా సార్. అయ్యవారు రాయలేదంటే రాయలేదే" అన్నాడు. అట్లా అంటున్నప్పుడు ఆయన ముఖం మీద కోపం లేదు. చిన్నప్పుడు మీరు బెత్తం ఎత్తితే చేయి చాచేవాడు చూడండి, అదే ముఖం.

నాకు అన్న మీద కూడా చచ్చేంత కోపం వచ్చింది. గెలిచే కేసు. నన్ను ఒంటరిగా పంపలేక అనంతపురం దాకా వెంట వచ్చాడు, బస్సులో హిందూపురం దాకా ఆయనతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయన భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను.

అర్జీ వాపసు తీసుకున్నా అధికారి ఒక మాట రాసి పంపారట. ప్రార్థన ఇష్టమున్నవాళ్లు చేసుకోవచ్చు, హాజరు మాత్రం దానికి ముందే తీసుకోవాలి అని. బేబీ గారు ఇప్పుడు సంతకం పెట్టి, ప్రార్థన అయ్యేదాకా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారట. అన్న నిలబడ్డ చోటే. ఆ కుర్చీ వేసిందెవరని అడిగితే, అయ్యవారే తెచ్చి వేశారని అన్న చెప్పాడు. దానికి నేనేమనాలో నాకు తెలియడం లేదు.

ఎనిమిదో తరగతి తెరవలేదు. మీరు చూస్తానన్న వేరే దారి ఏమైందని నేను అడగను. చాందినిని ఇక్కడికి తెచ్చుకున్నాను. మొన్న సోమవారం బాలికల హైస్కూల్లో చేర్చాను. పాపకు పన్నెండేళ్లు, ఎప్పుడూ తల్లిని విడిచి ఉండలేదు. బెంగ పెట్టుకుంది. రోజూ వాళ్లమ్మకు ఉత్తరం రాస్తుంది. ఊరూ తేదీ వేయకుండా ఒక్కటీ రాయదు. ఎవరు నేర్పారో తనకూ తెలుసు, నాకూ తెలుసు. మేమిద్దరం ఆ మాట ఎత్తుకోం.

జూన్ ఒకటి నుంచి గౌరవ కార్యదర్శిగా మీరే ఉన్నారని తెలిసింది. మీ గది మీకు దక్కింది.

మీరు అడిగిన ఉత్తరం దీనితో పంపుతున్నాను. నాకిక దానితో పని లేదు. దాని మీద మీరు వేయని తేదీ తపాలా వాళ్లు వేశారు, తిప్పి చూసుకోండి. ఆనాడు పెట్టెలోంచి తీసి పరిచిన వాటిలో మిగతా యాభై రెండూ నా దగ్గరే ఉంచుకుంటాను. అవి రాసిన మనిషి నాకు కావాలి.

ఈ ఉత్తరం కోర్టు ముందు కూర్చునే ఆయన చేత టైపు చేయించాను. పెద్దవారికి టైపు చేయించి పంపడం మర్యాద కాదని మీరే చెప్పేవారు. క్షమించండి. చేత్తో రాయాలని రెండుసార్లు కూర్చున్నాను. రాసింది చూసుకుంటే మీరు నాకు రాసినట్టే ఉంది.

ఫర్హానా